వాల్యూమ్ కీ నొక్కాక ఆ నంబర్ ఎక్కడ తప్పిపోతుంది? లైనక్స్ ల్యాప్‌టాప్‌లో ఫంక్షన్ కీల కథ

"ఒక్కసారి నొక్కితే చాలు బాబూ, వంద దాకా పరిగెడతాది. ఇంకో బటన్ ఏదైనా నొక్కితే గానీ ఆగదు."

రిటైరైన తెలుగు మాస్టారొకరు సంచిలోంచి ల్యాప్‌టాప్ తీస్తూ, దాని సౌండ్ పెంచే కీ గురించి అన్న మాట ఇది. మాది పర్లాకిమిడి. ఒడిశాలో గజపతి జిల్లా, పక్కనే ఆంధ్రా పాతపట్నం. నేను డీటీపీ పని చేస్తాను. పెళ్లి కార్డులు, కరపత్రాలు ఒడియాలోనూ తెలుగులోనూ కొడతాను. విండోస్‌కి బదులుగా ఉచితంగా దొరికే లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వాడతానని తెలిసి చుట్టుపక్కల వాళ్లు తమ ల్యాప్‌టాప్‌లు పట్టుకొస్తుంటారు. ఈమధ్య మరీ ఎక్కువ. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు ఆపేసింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే సుమారుగా ఎనిమిదో తరమో ఆ తర్వాతిదో అయి ఉండాలి. అవి లేని ల్యాప్‌టాప్‌ను పారేయలేక లైనక్స్ వేయించుకుంటున్నారు.

వేశాక వైఫై వస్తుంది, తెలుగు వస్తుంది, వీడియో ఆడుతుంది. ఈ పైవరస కీల దగ్గరే గొడవ. సౌండ్ పెంచే కీ పలకదు, లేదా మాస్టారి దానిలా పలకడం మొదలుపెడితే ఆగదు. అప్పుడు ఎవరో ఒకరు "ఈ మెషిన్‌కి లైనక్స్ పడదు, మళ్లీ విండోస్ వేసెయ్యండి" అంటారు. మాస్టారికీ అలాగే చెప్పారట. ఆ సలహా దాదాపు ఎప్పుడూ తొందరపాటే. ఎందుకంటే "కీ పనిచేయట్లేదు" అన్నది ఒక జబ్బు కాదు. నాలుగైదు వేర్వేరు జబ్బులకు పైకి కనిపించే లక్షణం అదొక్కటే.

కీకి తెలిసింది ఒక్క నంబరే

ముందుగా ఒక అపోహ తీసేయాలి. కీ మీద స్పీకర్ బొమ్మ ఉంది కాబట్టి ఆ కీకీ స్పీకర్‌కీ నేరుగా సంబంధం ఉందనుకుంటాం. లేదు. కీకి సౌండ్ అంటే ఏమిటో తెలియదు. నొక్కినప్పుడు ఒక నంబర్ పంపుతుంది, వదిలినప్పుడు మరోసారి సంకేతం పంపుతుంది. దాని పని అంతే.

ఇది మా ఊళ్లో చెప్పడం తేలిక. ఇక్కడ చాలామంది కంప్యూటర్‌లో ఒడియా, తెలుగు రెండూ టైప్ చేస్తారు. చాలా భారతీయ భాషలకు ఉమ్మడిగా ఉండే ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్‌లో ఇంగ్లిష్ 'కె' కీ నొక్కితే తెలుగులో 'క' పడుతుంది. లేఅవుట్ మార్చి అదే కీ నొక్కితే ఒడియా 'క' పడుతుంది, ఇంగ్లిష్‌లోకి వెళ్తే 'కె' పడుతుంది. కీ మారలేదు. లైనక్స్ కెర్నెల్‌కి, అంటే హార్డ్‌వేర్‌తో నేరుగా మాట్లాడే దాని గుండెకాయకి, మూడుసార్లూ అందిన నంబర్ 37 ఒక్కటే. దానికి అర్థం చెప్పింది పైన ఉన్న సాఫ్ట్‌వేర్.

వాల్యూమ్ కీలదీ ఇదే పద్ధతి. కెర్నెల్ లెక్కలో మ్యూట్ 113, సౌండ్ తగ్గించడం 114, పెంచడం 115. ఆ 115 కీబోర్డు నుంచి స్పీకర్ దాకా వెళ్లే దారిలో ల్యాప్‌టాప్ ఫర్మ్‌వేర్ (మెషిన్ లోపలే ఉండే కంపెనీ సాఫ్ట్‌వేర్), కెర్నెల్, డిస్‌ప్లే వ్యవస్థ (తెరనూ కీలనూ ప్రోగ్రామ్‌లకు అందించేది), డెస్క్‌టాప్ (మెనూలు, ప్యానెల్ చూపేది), సౌండ్ సర్వర్ (సౌండ్‌ను స్పీకర్‌కి పంపేది) అని అయిదు చేతులు మారుతుంది. ఎవరో ఒకరు జారవిడిస్తే మనకు కనిపించేది ఒక్కటే, సౌండ్ మారకపోవడం.

ఎఫ్ఎన్ కీని లైనక్స్ ఎందుకు చూడలేదు

1981లో వచ్చిన ఐబీఎం పీసీ కీబోర్డులో ఎఫ్1 నుంచి ఎఫ్10 దాకా పది ఫంక్షన్ కీలు ఎడమ వైపు రెండు వరసల్లో ఉండేవి. తర్వాత అవి పన్నెండై పైవరసకి చేరాయి. ల్యాప్‌టాప్‌లు వచ్చాక చోటు చాలలేదు. అందుకని అదే కీ మీద సౌండ్, వెలుతురు బొమ్మలు కూడా ముద్రించి, రెండింటిలో ఏది కావాలో చెప్పడానికి ఎఫ్ఎన్ కీ పెట్టారు.

చాలా ల్యాప్‌టాప్‌లలో ఎఫ్ఎన్ కీ ఆపరేటింగ్ సిస్టమ్ దాకా రాదు. మదర్‌బోర్డు మీద ఎంబెడెడ్ కంట్రోలర్ అనే చిన్న చిప్ ఉంటుంది. బ్యాటరీ, ఫ్యాన్ చూసుకునేది కూడా చాలావరకు అదే. ఎఫ్ఎన్ నొక్కి ఉందా లేదా అని అది తనలో తనే చూసుకుని, ఎఫ్3 నంబర్ పంపాలో సౌండ్ పెంచే నంబర్ పంపాలో తేల్చేస్తుంది. లైనక్స్‌కి తెలిసేది ఆ తీర్పు మాత్రమే. కాబట్టి "ఎఫ్ఎన్ కీని లైనక్స్‌లో మార్చాలి" అని ఎంత వెతికినా సాధారణంగా దొరకదు. యాపిల్ కీబోర్డులు దీనికి మినహాయింపు. వాటి ఎఫ్ఎన్ కెర్నెల్‌కి కనిపిస్తుంది, ఏది ముందు రావాలో చెప్పే సెట్టింగ్ యాపిల్ కీబోర్డు డ్రైవర్‌లోనే ఉంది.

ఉదాహరణకి, మా దగ్గర లెక్కలు రాసే ఒకావిడ కాల్క్ అనే లెక్కల పట్టికల ప్రోగ్రామ్‌లో గడిని దిద్దడానికి ఎఫ్2 నొక్కితే సౌండ్ తగ్గిపోతోందని వచ్చారు. అంతకు ముందు రోజు దాకా బాగానే ఉందట. లైనక్స్ అప్‌డేట్ చెడగొట్టిందని ఆవిడ నమ్మకం. నిజానికి చెయ్యి జారి ఎఫ్ఎన్, ఎస్కేప్ కీలు కలిపి పడ్డాయి. చాలా మోడళ్లలో అది ఎఫ్ఎన్ లాక్, అంటే ఎఫ్ఎన్ నొక్కకుండా కొడితే బొమ్మల పని జరగాలా, ఎఫ్ కీల పని జరగాలా అన్నది మార్చేది. మెషిన్ ఆన్ చేసేటప్పుడు తెరుచుకునే బయోస్ సెట్టింగ్స్‌లో కూడా ఈ ఎంపిక ఉంటుంది, హెచ్‌పీలో యాక్షన్ కీస్ మోడ్ అని, లెనోవోలో హాట్‌కీ మోడ్ అని. ఏది ముందుండాలన్నది అభిరుచి విషయం. పాటలు వినేవాళ్లకి బొమ్మలు ముందుంటే సుఖం. ఎఫ్2, ఎఫ్5, ఎఫ్7 రోజంతా కొట్టేవాళ్లకి అది నరకం.

ఫర్మ్‌వేర్ నుంచి కెర్నెల్‌కి వచ్చే దారులు

ఇక్కడే విషయం చిక్కుపడుతుంది. ఒకే ల్యాప్‌టాప్‌లో ఒకే వరసలోని కీలు వేర్వేరు దారుల్లో రావచ్చు. మామూలు అక్షరాలొచ్చే కీబోర్డు దారిలోనే సౌండ్ కీలు చాలావరకు వస్తాయి. వెలుతురు కీ ఏసీపీఐ దారిలో రావచ్చు. విమానం బొమ్మ కీ డబ్ల్యూఎంఐ దారిలో రావచ్చు. అందుకే "సౌండ్ పనిచేస్తోంది, వెలుతురు మాత్రం రావట్లేదు" అన్న ఫిర్యాదు అంత తరచుగా వినిపిస్తుంది. అందులో వింతేమీ లేదు.

ఏసీపీఐ అంటే ఫర్మ్‌వేర్, ఆపరేటింగ్ సిస్టమ్ మాట్లాడుకునే ఒప్పందం, 1996లో మొదట వచ్చింది. డబ్ల్యూఎంఐ దాని మీద మైక్రోసాఫ్ట్ పెట్టిన పద్ధతి. దాని ద్వారా ప్రతి కంపెనీ తన సొంత సంకేతాలు పంపుకోవచ్చు. ఆ సొంత సంకేతాలకు అర్థం చెప్పాలంటే ఆ కంపెనీ మోడళ్ల కోసమే రాసిన డ్రైవర్ కావాలి. లైనక్స్ కెర్నెల్‌లో థింక్‌ప్యాడ్, ఐడియాప్యాడ్, డెల్, హెచ్‌పీ, ఆసుస్ ల్యాప్‌టాప్‌లకు విడివిడిగా అలాంటి డ్రైవర్లు ఉన్నాయి. కొన్ని కంపెనీల ఇంజనీర్లు రాసినవి, చాలా భాగం ఆ ల్యాప్‌టాప్ కొనుక్కుని, కీ నొక్కి, ఏ సంకేతం వస్తోందో చూసి ఓపిగ్గా రాసినవాళ్లవి. ఆ ఓపికకి నాకెంతో గౌరవం.

ఇంకో విశేషం. ఏసీపీఐలో ఫర్మ్‌వేర్ "నువ్వు ఫలానా విండోస్‌వేనా?" అని అడిగే ఏర్పాటు ఉంది. లైనక్స్ అవునంటుంది. తయారీదారులు పరీక్షించేది విండోస్‌తోనే కాబట్టి, బాగా నలిగిన దారి అదే కాబట్టి, కెర్నెల్ వాళ్లు కావాలనే అలా పెట్టారు. "నువ్వు లైనక్స్‌వా?" అని అడిగితే మాత్రం మామూలుగా అవుననదు. కొన్ని పాత మోడళ్లలో వెలుతురు కీలు ఈ జవాబును బట్టి వేరుగా ప్రవర్తిస్తాయి. బూట్ చేసేటప్పుడు ఏసీపీఐ ఆప్షన్ ఒకటి మార్చిచూడమని ఇంటర్నెట్‌లో కనిపించే సలహాల వెనక సంగతి ఇదే.

వదిలిన కబురు రాకపోతే

మాస్టారి ల్యాప్‌టాప్ దగ్గరికి వద్దాం. ఈవీటెస్ట్ అనే చిన్న ప్రోగ్రామ్ ఉంది. కెర్నెల్‌కి ఏ కీ నంబర్ అందుతోందో అది తెర మీద వరసగా రాసి చూపిస్తుంది. అది తెరిచి, ముందు 'కె' కీ నొక్కాను. 37, విలువ 1. వేలు తీయగానే 37, విలువ 0. నొక్కినందుకు ఒకటి, వదిలినందుకు సున్నా. తర్వాత సౌండ్ పెంచే కీ నొక్కాను. 115, విలువ 1. వేలు తీశాను. ఏమీ రాలేదు. మాస్టారు కళ్లజోడు పైకెత్తి తెర దగ్గరికి వంగి చూశారు. "సున్నా ఏదీ?" అన్నారు.

సరిగ్గా అదీ జబ్బు. కొన్ని ల్యాప్‌టాప్‌ల ఫర్మ్‌వేర్ ఈ ప్రత్యేక కీలకు నొక్కిన కబురు పంపుతుంది గానీ వదిలిన కబురు పంపదు. లైనక్స్ దృష్టిలో ఆ కీ మీద వేలు ఇంకా ఉన్నట్టే. 'అ' కీ నొక్కిపెట్టి ఉంచితే అఅఅఅ అని పడుతూ పోయినట్టే, సౌండ్ కూడా పెరుగుతూ పోతుంది. మరో కీ నొక్కితే కొత్త కీ వంతు మొదలై ఇది ఆగుతుంది. వైరస్ లేదు, కీ ఇరుక్కుపోలేదు, స్పీకర్ చెడిపోలేదు.

ఇలాంటి మోడళ్లు ఉన్నాయని లైనక్స్ వాళ్లకు తెలుసు. లైనక్స్‌లో హార్డ్‌వేర్‌ను గుర్తించి సర్దే యూడెవ్ అనే వ్యవస్థకి హార్డ్‌వేర్ డేటాబేస్ అని ఒక పట్టిక ఉంది. ఏ కంపెనీ ఏ మోడల్‌లో ఏ కోడ్ వస్తే దాన్ని ఏ కీగా చదవాలో అందులో రాసి ఉంటుంది. వదిలిన కబురు పంపని కీ అయితే దాని పేరు ముందు ఆశ్చర్యార్థకం గుర్తు పెడతారు. ఆ గుర్తు చూసి యూడెవ్ చెప్పగా కెర్నెల్, నొక్కిన కబురు అందగానే వదిలిన కబురు తనే పుట్టిస్తుంది.

ఇదే పట్టిక ఇంకో జబ్బుకీ మందు. కొన్ని కీలు కెర్నెల్‌కి అసలు తెలియని కోడ్ పంపుతాయి. అప్పుడు కెర్నెల్ చిట్టాలో "తెలియని కీ నొక్కారు, కోడ్ ఇది" అన్న అర్థంతో ఒక వరస పడుతుంది. ఈ వరస కనిపించిందంటే సంతోషించాల్సిన విషయం. కీ బతికే ఉంది, దానికి పేరు పెట్టేవాళ్లే లేరు.

115 కి 8 కలిపితే

కెర్నెల్ దాటాక నంబర్ డిస్‌ప్లే వ్యవస్థకి చేరుతుంది. పాత పద్ధతి ఎక్స్11, కొత్తది వేలాండ్. ఎక్స్11లో మొదటి ఎనిమిది నంబర్లు, సున్నా నుంచి ఏడు దాకా, వాడరు. అందుకని కెర్నెల్ నంబర్‌కి 8 కలుపుతారు. సౌండ్ పెంచే 115 అక్కడ 123 అవుతుంది. ఒకే కీకి ఒక చోట 115 అని, మరో చోట 123 అని చదివి తికమక పడేవాళ్లు చాలామంది. రెండూ సరైనవే.

ఎక్స్11లో కీ నంబర్ 255 దాటడానికి వీల్లేదు. మైక్ ఆపే కీకి కెర్నెల్ ఇచ్చిన నంబర్ 248. 8 కలిపితే 256. ఒక్క నంబర్ తేడాతో ఆ కీ ఎక్స్11కి కనిపించకుండా పోయింది. ఆన్‌లైన్ క్లాసులప్పుడు మైక్ కీ నొక్కితే ఏమీ కాని ల్యాప్‌టాప్‌ల గోడు కొంత ఇక్కడిదే. దీనికి పక్కదారి కనిపెట్టారు. ఏ కీబోర్డు మీదా దాదాపుగా కనిపించని ఎఫ్20 కీ నంబర్ 190ని మైక్ కోసం వాడుకున్నారు. 8 కలిపితే 198, హద్దులోపలే. టచ్‌ప్యాడ్ ఆపే కీ కోసం ఎఫ్21ని ఇలాగే వాడారు. వేలాండ్‌లో ఈ 255 హద్దు లేదు.

గీత పెరుగుతుంది, సౌండ్ పెరగదు

డిస్‌ప్లే వ్యవస్థ 123ని "సౌండ్ పెంచు" అన్న పేరుగా మార్చి డెస్క్‌టాప్‌కి ఇస్తుంది. ఆ పేరు విని పని చేయడానికి అక్కడ ఎవరో ఒకరు ఉండాలి. గ్నోమ్ అనే డెస్క్‌టాప్‌లో దానికి వెనకాల నడిచే ఒక సేవ ఉంది, కేడీఈలోనూ అంతే. ఎక్స్ఎఫ్‌సీఈలో ఈ పని ప్యానెల్ మీది సౌండ్ బొమ్మకు అప్పగించారు. స్థలం కలిసొస్తుందని ఆ బొమ్మను ప్యానెల్ లోంచి తీసేస్తే కీలు మూగబోతాయి. బొమ్మ తీస్తే బొమ్మే పోతుందనుకోవడం సహజం, కీలు దానితోపాటు పోతాయని ఎవరూ ఊహించరు. ఐత్రీ, స్వే లాంటి తేలికపాటివి వాడేవాళ్లకి, కీ నొక్కితే ఏ కమాండ్ నడవాలో సెట్టింగ్స్ ఫైల్‌లో రాసి ఉండాలి.

ఆఖరి చేయి సౌండ్ సర్వర్. చాలాకాలం పల్స్ఆడియో ఉండేది, ఇప్పుడు పైప్‌వైర్ దాని చోటు తీసుకుంటోంది. లైనక్స్ రకాల్లో ఫెడోరా 2021లో 34వ వెర్షన్‌తో మారింది, ఉబుంటు 22.10తో మారింది. రెండింటి కిందా కెర్నెల్‌లోని ఆల్సా అనే సౌండ్ భాగం ఉంటుంది. సర్వర్ దగ్గర సౌండ్ బయటికి వెళ్లే దారులు రెండు మూడుంటాయి. ల్యాప్‌టాప్ స్పీకర్, ఇయర్‌ఫోన్, టీవీకి వెళ్లే హెచ్‌డీఎంఐ. వాల్యూమ్ కీ వీటిలో "డిఫాల్ట్" అని గుర్తున్నదాన్నే కదుపుతుంది.

అందుకే తెర మీద సౌండ్ చూపే గీత పెరుగుతూ సౌండ్ పెరగని ల్యాప్‌టాప్‌లు వస్తాయి. ఒక కుర్రాడు ఇంట్లో క్రికెట్ మ్యాచ్ చూడ్డానికి టీవీకి కలిపి, తర్వాత సౌండ్ సెట్టింగ్స్‌లో హెచ్‌డీఎంఐనే డిఫాల్ట్‌గా వదిలేశాడు. పాట మాత్రం స్పీకర్‌లో వస్తోంది, ఆ పాటల ప్రోగ్రామ్‌కి దారి విడిగా స్పీకర్ అని పెట్టాడు కాబట్టి. కీ నొక్కితే తెర మీద గీత నలభై, యాభై, అరవై అని పెరుగుతోంది. పెరిగింది టీవీ దారి. తెర మీద గీత కదిలిందంటే కీ నిర్దోషి. ఇదొక్కటి గుర్తున్నా సగం వెతుకులాట తప్పుతుంది.

మ్యూట్ కీ మీది చిన్న లైటు మాత్రం వేరే కథ. సౌండ్ ఆగుతుంది, లైటు వెలగదు. దాన్ని వెలిగించేది సౌండ్ చిప్ డ్రైవర్‌లో ఆ మోడల్ కోసం రాసిన ప్రత్యేక వరస. అది కొత్త కెర్నెల్‌తో రావాల్సిందే.

యూఎస్‌బీ కీబోర్డు చెప్పే సాక్ష్యం

ఎక్కడ తెగిందో పట్టుకోవడానికి నేను ముందుగా చూసేది మల్టీమీడియా కీలున్న యూఎస్‌బీ కీబోర్డు. యూఎస్‌బీ కీబోర్డుల భాషలో సౌండ్ పెంచడం 233, తగ్గించడం 234. ఇది అంతర్జాతీయంగా ఒప్పుకున్న నంబర్ కాబట్టి ఏ కంపెనీ డ్రైవరూ అక్కర్లేదు. కెర్నెల్ దాన్ని 115గా మారుస్తుంది, అక్కడి నుంచి పైదారి అంతా ఒకటే. ఆ కీబోర్డుతో సౌండ్ మారిందంటే డెస్క్‌టాప్, సౌండ్ సర్వర్ బాగున్నట్టే, లోపం ఫర్మ్‌వేర్ దగ్గరో కెర్నెల్ దగ్గరో ఉంది. దానితోనూ మారలేదంటే ల్యాప్‌టాప్ కీలను అనుమానించడం వృథా, పైనే వెతకాలి. ఈ చిన్న పరీక్షతో సగం దారి కొట్టేయొచ్చు. మిగతా సగంలో ఈవీటెస్ట్‌లో నంబర్ కనిపిస్తుందా, ఎక్స్11లో ఎక్స్ఈవీ, వేలాండ్‌లో డబ్ల్యూఈవీ అనే ప్రోగ్రామ్‌లలో కనిపిస్తుందా అన్నదాన్ని బట్టి చోటు తేలిపోతుంది.

ఎక్కడ సరిచేయాలన్న దాని మీద భిన్నాభిప్రాయాలు

లోపం తెలిశాక కూడా మందు ఎక్కడ వేయాలన్నది తేలని వాదన.

డెస్క్‌టాప్ సెట్టింగ్స్‌లో వేరే షార్ట్‌కట్ పెట్టుకుంటే చాలదా అంటారు కొందరు. కంట్రోల్, ఆల్ట్, పై బాణం నొక్కితే సౌండ్ పెరిగేలా రెండు నిమిషాల్లో పెట్టొచ్చు. పాస్‌వర్డ్ అక్కర్లేదు, ఏదీ చెడదు. కానీ ఆ యూజర్‌కే, ఆ డెస్క్‌టాప్‌లోనే పనిచేస్తుంది. లాగిన్ తెర మీద ఉండదు. ఇంట్లో పిల్లలకి వేరే అకౌంట్ ఉంటే వాళ్లకీ విడిగా పెట్టాలి.

హార్డ్‌వేర్ పట్టికలో వరస రాయడం అంతకన్నా గట్టి పని. ఏ డెస్క్‌టాప్ మార్చినా, ఎవరు లాగిన్ అయినా పనిచేస్తుంది, అప్‌డేట్లకు చెరగదు. అయితే అడ్మిన్ అధికారం కావాలి, కంపెనీ పేరు, మోడల్ పేరు ఫర్మ్‌వేర్‌లో ఉన్నట్టే రాయాలి. ఒక్క అక్షరం తప్పినా నిశ్శబ్దంగా పట్టించుకోదు.

మూడో పక్షం వాళ్లు కెర్నెల్ డ్రైవర్‌నే సరిచేయాలంటారు. ఆ మోడల్ కొన్న ప్రతి మనిషికీ బాగవుతుంది కదా. వాళ్ల మాట న్యాయమే. కానీ మార్పు పంపాలి, పెద్దలు చూడాలి, తర్వాతి కెర్నెల్‌లో రావాలి, అది మన లైనక్స్‌లోకి చేరాలి. పాత కెర్నెల్‌తో స్థిరంగా నడిచే వెర్షన్లు వాడేవాళ్లకి అది నెలల మాట.

ఎక్స్‌మోడ్‌మ్యాప్ అనే పాత పద్ధతి ఇంకా చాలా చోట్ల సలహాగా కనిపిస్తుంది. మాలాంటి చోట దాన్ని నేను వద్దంటాను. ఎక్స్11లోనే పనిచేస్తుంది, పైగా లేఅవుట్ల జాబితా మార్చినా, కొత్త కీబోర్డు గుచ్చినా చెరిగిపోతుంది. ఒడియా, తెలుగు, ఇంగ్లిష్ మూడూ పెట్టుకుని తిరిగే ఊళ్లో అది పొద్దున చేసిన పని సాయంత్రానికి లేకుండా పోతుంది.

అసలు బాధ్యత ఎవరిదన్న వాదన కూడా ఉంది. విండోస్‌లో పనిచేసిన కీ ఇక్కడ ఆగితే తప్పు లైనక్స్‌దే అనుకోవడం వాడేవాళ్ల వైపు నుంచి సహజం. వాళ్లకి కావలసింది సౌండ్ పెరగడం, కారణాలు కాదు. అవతలి వైపు, విండోస్‌ని ఖాళీగా వేసినా కొన్ని ల్యాప్‌టాప్‌లలో కంపెనీ ఇచ్చే హాట్‌కీ సాఫ్ట్‌వేర్ పెట్టేదాకా కీలు పలకవన్నదీ నిజం. ఆ సాఫ్ట్‌వేర్ లైనక్స్‌కి కంపెనీ రాయలేదు, ఇంకెవరో రాయాల్సి వచ్చింది. లైనక్స్‌తోనే అమ్మే మోడళ్లు కొన్ని ఉన్నాయి. డెల్ 2012 నుంచి ఎక్స్‌పీఎస్ 13ని ఉబుంటుతో అమ్మింది, లెనోవో 2020 నుంచి కొన్ని థింక్‌ప్యాడ్‌లను ఫెడోరాతో ఇచ్చింది. అలాంటివాటిలో ఈ బాధ చాలా తక్కువ. కానీ మా దగ్గరికి వచ్చేవి అవి కావు. ఎవరో వాడి ఇచ్చినవి, అన్నయ్య నుంచి చెల్లెలికి వచ్చినవి.

మాస్టారి ల్యాప్‌టాప్‌కి పట్టికే సరైన చోటు. మనవరాలికి అదే మెషిన్‌లో వేరే అకౌంట్ ఉంది. మోడల్ పేరు ఫర్మ్‌వేర్‌లో ఎలా ఉందో చూసి, రెండు కీలకు రెండు వరసలు రాశాను, పేర్ల ముందు ఆశ్చర్యార్థకం పెట్టి. పట్టికను మళ్లీ చదివించి, ఈవీటెస్ట్ తెరిచి, ల్యాప్‌టాప్ ఆయన వైపు తిప్పాను. చూపుడువేలితో మెల్లగా నొక్కారు. 115, ఒకటి. దాని కిందే 115, సున్నా. "వచ్చిందయ్యా సున్నా" అని మళ్లీ నొక్కారు.